నాలుగు స్క్రూల సంగతి: దసరా దాకా మా ఇంటి తాళాల డైరీ

ఆగస్టు ఆఖరి శనివారం

మొదలంతా నా మతిమరుపుతోనే. విజయవాడ వన్‌టౌన్‌లో నేను క్యాషు చూసే హోల్‌సేల్ బట్టల షాపుకి ఆ రోజు సరుకు లారీ లేటుగా వచ్చింది, లెక్క తేల్చి బయటపడేసరికి తొమ్మిదైంది, సత్యనారాయణపురం వచ్చి మెట్లన్నీ ఎక్కి బ్యాగులో చెయ్యి పెడితే తాళంచెవులు లేవు. కౌంటరు డ్రాయర్లో ఉండిపోయాయి. షాపు షట్టరు దించేశారు, ఓనరు గారు ఇంటికెళ్లిపోయారు. మా ఆయన మెడికల్ రెప్, ఆ రాత్రి తాడేపల్లిగూడెంలో ఉన్నారు. అత్తయ్య, బాబు తెనాలిలో.

ఇక తాళం కప్ప పగలగొట్టడమే అనుకున్నాం. పై పోర్షన్‌లో ఉండే డిప్లొమా కుర్రాడు సుత్తి తెస్తాడనుకుంటే స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు. "మంచి కప్ప కదక్కా, దాన్నెందుకు పాడుచేయడం, టార్చి కొంచెం ఇలా పట్టండి" అన్నాడు. గొళ్ళెం తగిలే కొక్కేన్ని ద్వారబంధానికి పట్టి ఉంచినవి నాలుగు స్క్రూలు. వాటి తలలు నాలుగూ బయటికే, రండి విప్పండి అన్నట్టు. మొదటిది కాస్త మొరాయించింది. మూడోదాన్ని రెండు తిప్పులు తిప్పి వేళ్లతోనే లాగేశాడు. నాలుగోది ఎప్పుడు ఊడిందో నేను చూడనే లేదు. రెండు నిమిషాలు పట్టిందేమో. తలుపు తెరుచుకుంది, నా తొమ్మిది వందల రూపాయల కప్ప మాత్రం వేసింది వేసినట్టే, కొక్కెంతో సహా తలుపుకి వేలాడుతోంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పడుకున్నాక నిద్ర పట్టలేదు. లేచి ఆ స్క్రూలని వంటింటి గట్టు మీద పెట్టి బాబు స్కేలుతో కొలిచాను. ఒక్కోటి ముప్పావు అంగుళం, అందులో రేకు మందం పోగా చెక్కలోకి దిగింది అర అంగుళం కాస్త పైన. ఈ ఇంట్లో అద్దెకి చేరి ఆరేళ్లు. ఆరేళ్లుగా ఊరెళ్లిన ప్రతిసారీ కప్పని మూడుసార్లు లాగి చూసి మరీ వెళ్లాను, కొక్కేన్ని ఒక్కసారీ లాగలేదు.

అందుకే ఈ డైరీ. దసరా సీజను అయ్యేలోపు వారానికో పని, ఖర్చు రెండు వేలు దాటకూడదు, ఏది చేసినా రాత్రి తొమ్మిదింటికి కాళ్లు లాగుతూ ఇంటికొచ్చే మనిషి కూడా చేయగలిగేలా ఉండాలి. ఈ చివరిదే కష్టం అని అప్పుడు తెలియదు.

మంగళవారం, మామ్మగారితో రాయబారం

తలుపుకి కన్నాలు పెట్టాలంటే ఇంటి ఓనరు మామ్మగారు ఒప్పుకోవాలి. "బర్మా టేకమ్మా అది, మా మావగారి హయాంలోది. దానికి డ్రిల్లింగు పెడతావా?" అన్నారు. నేను పెట్టకపోతే దొంగ పెడతాడు మామ్మగారూ అన్నాను గానీ ఆ మాట పనిచేయలేదు. ఆ నాలుగు స్క్రూలూ చేతిలో పోస్తే అప్పుడు చూసి, "ఇవా వేశాడు ఆ సచ్చినోడు!" అని పదిహేనేళ్ల కిందటి వడ్రంగిని తిట్టి ఒప్పుకున్నారు.

ఇప్పుడొచ్చిన వడ్రంగి తలుపు చూసి ముందు నా కప్పని చేత్తో తూచాడు. "కప్పకి తొమ్మిది వందలు పెట్టారు, దాన్ని పట్టుకునేదానికి తొమ్మిది రూపాయలు పెట్టలేదేమ్మా." లోపల ఏడు లీవర్లు, అంటే తాళంచెవి తిప్పితే లేచే రేకులు, ఉన్నాయని షాపువాడు గొప్పగా చెప్పాడయ్యా అన్నాను. ఎన్ని లీవర్లుంటే మారు తాళంతో తీయడం అంత కష్టం, అది నిజమే, కానీ దొంగకి కప్ప తీసి చూపించాల్సిన పనేముంది, ఇనపరాడ్డు దూర్చి పక్కనున్నది ఊడగొడతాడు అన్నాడు.

అతను చేసిన పని వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. తలుపు రెక్క వైపు స్క్రూలు మొత్తం తీసేసి గుండ్రటి తల ఉండే బోల్టులు బయటి నుంచి లోపలికి ఆరపార దించాడు, లోపల వాషరు వేసి నట్టు బిగించాడు. బయట నున్నటి తల తప్ప ఇంకేం కనపడదు, స్క్రూడ్రైవర్ ఆన్చడానికి గాడి లేదు. ద్వారబంధం వెనక గోడ కాబట్టి అటువైపు బోల్టు కుదరదు, మూడంగుళాల స్క్రూలు వేశాడు, పాత కన్నాల్లో కాకుండా వాటికి కాస్త పైనా కిందా కొత్తచోట. గొళ్ళెం కూడా మార్చాడు, ఇది మూసినప్పుడు రేకు మడతపడి స్క్రూల తలలన్నీ దాని కిందికి పోతాయి, కప్ప తీస్తే తప్ప వాటి దగ్గరికి వెళ్లలేరు. ఆఖరికి కప్ప వేసి, పైన వంపు కడ్డీకీ కొక్కేనికీ మధ్య తన చూపుడువేలు పెట్టి చూశాడు. "వేలు దూరితే రాడ్డూ దూరుద్దమ్మా." వేలు దూరలేదు.

బోల్టులు, వాషర్లు 120, గొళ్ళెం 180, కూలి 600. లోపలే ఇమిడిపోయే తాళమైతే ఇంకా మేలు, బయట కప్ప వేలాడుతోందంటేనే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టు కదా. దానికి తలుపులో పెద్ద గాడి తొలవాలి. మామ్మగారి ముఖం చూసి ఆ ఊసెత్తలేదు.

శుక్రవారం, వెనక తలుపు

ముందు తలుపు గట్టిపడిందన్న సంబరం మూడు రోజులు. పెరటి వైపు బాల్కనీ తలుపుని దొంగ కళ్లతో చూశాను. తలుపు పక్కనే వంటింటి కిటికీ, దానికి ఇనప ఊచలు, ఊచల మధ్య జానెడు సందు, తలుపు గడియ లోపలివైపు కిటికీకి రెండడుగుల దూరంలో. బాల్కనీలో నిలబడి బాబుని చెయ్యి పెట్టి చూడమన్నాను, అందలేదు. తర్వాత దండెం మీద బట్టలు ఆరేసే కర్ర తీసుకున్నాను, చివర కొక్కెం ఉంటుంది చూడండి, అది ఊచల్లోంచి పెట్టి గడియ పిడికి తగిలించి ఇటు లాగితే, మొదటి రెండుసార్లు జారింది, మూడోసారి టక్కుమని వచ్చేసింది. ఆ కర్ర రోజూ బాల్కనీలోనే ఉంటుంది. మెట్ల పక్కన గోడెక్కి ఇంట్లోకి రావడానికి కావలసిన సామాను కూడా మేమే సిద్ధం చేసి పెట్టాం అన్నమాట.

తలుపు అడుగున, కిటికీలోంచి ఏ కర్రా చేరని చోట, ఇంకో గడియ బిగించాను. పైన ఒకటి ఎలాగూ ఉంది. కిటికీ లోపలివైపు సన్న కన్నాల ఇనపజాలీ. గడియ 160, జాలీ 150. కర్ర ఇప్పుడు ఇంట్లో మంచం కింద. అడుగు గడియ వేయడానికి రోజూ వంగాలని అత్తయ్య సణుగుతున్నారు, మోకాళ్ల నొప్పులు ఆవిడకి, అందులో న్యాయం ఉంది. రాత్రిపూట అది నా డ్యూటీ అని ఒప్పందం అయింది.

మూడు వందలు పెట్టి తలుపుకి అతికించే అలారం కూడా కొన్నాను. పొద్దున్నే పాలవాడు పిలిచినప్పుడల్లా అది కూత పెడుతుంటే నాలుగో రోజు అత్తయ్య బ్యాటరీ తీసి టీవీ రిమోటులో వేసుకున్నారు. ఆ ప్రయోగం అంతటితో సరి.

రెండో ఆదివారం, తాళంచెవులు

మా వీధిలో ఎవరింటి తాళంచెవి ఎక్కడ పెడతారో నేను కూర్చున్నచోటు నుంచి చెప్పగలను. తులసికోట వెనక, కరెంటు మీటరు పెట్టె మీద, ద్వారబంధం పైన, చెప్పుల స్టాండులో పాత బూటులో. నాకే తెలిస్తే ఇంకెవరికి తెలియదు? మాది మీటరు పెట్టె. అది మానేసి ఒక జత కింద పోర్షన్ పిన్నిగారికిచ్చాం. నా తాళాల గుత్తికి షాపు పేరూ అడ్రసూ ఫోను నంబరూ ఉన్న ప్లాస్టిక్ బిళ్ల వేలాడేది, దొరికినవాళ్లు తెచ్చిస్తారని. దొరికినవాడు మంచివాడైతే బాగానే ఉంటుంది. తీసేశాను.

మూడో వారం, ఫోను

షాపులో పనిచేసే అమ్మాయి ఫోను నెహ్రూ బస్టాండులో బస్సెక్కుతుంటే పోయింది. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఉంటాం, ఆ క్షణంలో బ్యాగు భుజం వెనక్కి పోతుంది, వెనక నుంచి తోపులాట. ఇప్పుడు బస్సు కనపడగానే, ఎక్కడానికి ముందే, బ్యాగు పొట్ట మీదికి తెచ్చుకుంటున్నాను. ఇందులో ఇంతకుమించి రాయడానికేమీ లేదు.

ఫోను పోయాక ఏమవుతుందన్నదే అసలు టెన్షన్. తెర మీద లాక్ ఉంది కదా అనుకుంటాం. దొంగ సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే మన ఓటీపీలు వాడికి వెళ్తాయి. దానికి మందు సిమ్‌కే పిన్ పెట్టడం, ఫోను ఆపి తెరిచినా, సిమ్ వేరే ఫోనులో వేసినా ఆ పిన్ అడుగుతుంది. సెట్టింగ్స్‌లో ఉంటుంది. నేను చేసిన తప్పు ఏంటంటే, కంపెనీ ముందే పెట్టిన పిన్ ఒకటి ఉంటుందని తెలియక, పాత పిన్ కొట్టమంటే నా పుట్టినరోజు కొట్టాను. తర్వాత ఆయనది, తర్వాత బాబుది. మూడు తప్పులకి సిమ్ మూసుకుపోయింది, ఇక పీయూకే అనే 8 అంకెల నంబరు కావాలట. అది పదిసార్లు తప్పు కొడితే సిమ్ పారేసుకోవడమే. నెలాఖరు లెక్కలు, షాపు ఫోన్లన్నీ నాకే, రెండు గంటలు నంబరు లేకుండా కూర్చున్నాను. ఆయన ఫోను నుంచి కస్టమర్ కేర్‌కి చేసి, ఆధార్ వివరాలవీ చెప్పి, పీయూకే తీసుకుంటే గానీ తెరుచుకోలేదు. కాబట్టి ముందు కంపెనీ పిన్ కనుక్కోండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

లాక్ తెర మీద మెసేజీ కనపడకుండా కూడా చేశాను, లేకపోతే ఫోను తెరవకుండానే ఓటీపీ చదివేయొచ్చు. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఫోను గుర్తింపు నంబరు, కాగితం మీద రాసి బియ్యం డబ్బా మూత లోపల అంటించాను, రెండు సిమ్‌ల ఫోనుకి రెండు వస్తాయి. ఫోను పోతే పోలీసు కంప్లయింటు కాపీ తీసుకుని, అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకుని, 2023 మేలో దేశమంతటికీ తెరిచిన కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో, పోయిన ఫోన్లని ఆపించే సీఈఐఆర్ విభాగంలో, ఆ ఐఎంఈఐ నంబరుతో బ్లాక్ పెట్టించాలి, అప్పుడు ఆ ఫోను ఏ కంపెనీ సిమ్ వేసినా పనిచేయదు. మా షాపు అమ్మాయికి ఐఎంఈఐ నంబరు తెలియదు, బిల్లు లేదు, ఫోను డబ్బా ఎప్పుడో చెత్తలో వేసింది. ఖాతాలో డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఆ కాగితం మీదే అదీ రాశాను. మా ఆయన నంబరు నాకు నోటికి రాదని కూడా ఆ రోజే తెలిసింది, పదేళ్ల కాపురంలో.

నాలుగో వారం, బ్యాంకు దారి

దసరా బట్టల సీజనులో రోజూ క్యాషు బ్యాంకుకి వెళ్తుంది. రోజూ మూడింటికి, రోజూ అదే సందులోంచి, రోజూ నగల షాపువాళ్లిచ్చిన అదే ఎర్ర సంచీలో, రోజూ నేనొక్కదాన్నే. ఓనరు గారితో మాట్లాడి టైము మారుస్తున్నాం, తోడు గుమాస్తా ఒకడు వస్తాడు, సంచీ బదులు నా లంచ్ బ్యాగు, ఒక్కోరోజు ఒక్కోటి. స్కూటీ డిక్కీలో డబ్బు పెట్టడం పూర్తిగా మానేశాం, బ్యాంకుల ముందు కాపు కాసి డిక్కీ తెరిచేవాళ్లకి అది లాకరు కాదు, రేకు మూత. బండి దిగితే చాలు, ఎంతసేపైనా సరే, హ్యాండిల్ లాక్ వేసి తాళంచెవి చేతిలోకి. "ఒక్క కొబ్బరికాయ కొని వచ్చేస్తా" అని బండికే తాళంచెవి వదిలేసే జబ్బు నాది.

దృష్టి మళ్లించే దొంగల సంగతి అందరికీ తెలిసిందే, పది రూపాయల నోట్లు కింద పోసి మీవేనా అంటారు, మీ మీద ఏదో పడిందంటారు, మనం వంగగానే సంచీ మాయం. నేను పెట్టుకున్న నియమం: ఎవరేమన్నా బ్యాంకు లోపలికి వెళ్లేదాకా ఆగను, వంగను. గురువారం కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన వెనకే వచ్చి, "అమ్మా, మీ భుజం మీద ఏదో పడిందమ్మా" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. గుమాస్తా చెయ్యి పట్టుకుని అడుగు వేగం పెంచాను. ఆయన పాపం ఇంకో నాలుగడుగులు వచ్చి మళ్లీ చెప్పాడు. నేను తిరిగి చూడకుండానే "వెళ్లండి వెళ్లండి" అని కసిరాను. బ్యాంకులోకి వెళ్లి కౌంటరు అద్దంలో చూసుకుంటే నిజంగానే కాకి రెట్ట, భుజం నుంచి మోచేతి దాకా. క్యాషియరు ఏమీ అనకుండా టిష్యూ ఇచ్చాడు. ఆ పెద్దాయన మళ్లీ కనపడితే క్షమించమని అడగాలి, కనపడలేదు. నియమం మాత్రం మార్చను.

అత్తయ్య సాయంత్రం గుడికెళ్లేటప్పుడు ఎదురుగా బండ్లు వచ్చే వైపు నడవమన్నాను, వెనక నుంచి వచ్చి గొలుసు తెంపే వీలు తగ్గుతుందని. కొంగు మెడచుట్టూ కప్పుకోమన్నాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కుపోవడానికి విడిగా 304వ సెక్షన్ పెట్టారు, మూడేళ్ల దాకా జైలు అని కూడా చెప్పాను. "సెక్షన్ వస్తే గొలుసొస్తుందా?" అని మర్నాటి నుంచి పసుపుతాడు, నల్లపూసలతో వెళ్తున్నారు. నా ఉపన్యాసం కంటే అదే బాగుంది.

తెనాలి ప్రయాణం

పెళ్లికి మూడు రోజులు అందరం వెళ్లాలి. ఇక్కడ నాకు తోచనిది అత్తయ్యకి తోచింది. "పాలపాకెట్టు ఆపేస్తావు, పేపరు ఆపేస్తావు, వాకిట్లో ముగ్గో?" నిజమే. మా వీధిలో పొద్దున ఏడింటికి ముగ్గులేని వాకిలి ఏదైనా ఉందంటే అది ఊళ్లో లేనివాళ్లదే, తాళం దగ్గరికి వచ్చి చూడనక్కర్లేదు, బండి మీద వెళ్తూ కూడా తెలిసిపోతుంది. పిన్నిగారి పనమ్మాయికి మూడు రోజులకి యాభై రూపాయలిచ్చి మా వాకిట్లో కూడా ముగ్గు వేయించాం. వేసింది గానీ మూడు రోజులూ ఒకే ముగ్గు, అదీ నాలుగు గీతలు. చాలు.

వాట్సాప్ స్టేటస్‌లో పెళ్లి ఫోటోలు ఇంటికొచ్చాక పెట్టాలని ఇంట్లో ఆర్డరు వేశాను. మా ఆయనే బస్సులో ఉండగా పెట్టేశారు, "విత్ ఫ్యామిలీ" అని రాసి మరీ. గంటన్నర గొడవ.

ఊరెళ్లేటప్పుడు ముందుగా అడిగితే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది, ఉచితం, యాప్‌లో నమోదు చేసుకోవాలి. మూడు రోజులే కదా అని ఈసారి బద్ధకించాం. సంక్రాంతికి వారం వెళ్తాం, అప్పుడు పెట్టించాలి.

లెక్క

వంటింట్లో క్యాలెండరు మీద అత్తయ్య పాల లెక్క వేసే గడుల్లోనే, ఏదైనా మర్చిపోయిన రోజు నేను సున్నా చుడుతున్నాను. ముప్పై రోజుల్లో పదకొండు సున్నాలు. వాటిలో ఏడు హ్యాండిల్ లాక్ వి, మూడు అడుగు గడియవి, ఒకటి ఫోను బస్సు సీటు మీద వదిలేసి లేచింది, పక్కావిడ పిలిచి ఇచ్చింది. సున్నాలు దాదాపు అన్నీ శుక్ర శనివారాలవి, షాపులో రద్దీ ఉండి లేటుగా వచ్చిన రాత్రులు. పొద్దున పూట ఒక్కటీ లేదు. అందుకే అడుగు గడియని పడుకునే ముందు కాకుండా, రాగానే కాళ్లు కడుక్కోవడానికి వెనక బాల్కనీలోకి వెళ్లి తిరిగొచ్చేటప్పుడే వేసేస్తున్నాను. ఆ మార్పు తర్వాత దానికి సున్నా పడలేదు. ముగ్గు యాభైతో కలిపి ఖర్చు 1560.

మూలా నక్షత్రం రోజు, రాత్రి పదిన్నర

అమ్మవారు సరస్వతీ దేవి అలంకారంలో ఉండే రోజు, కొండకి జనం ఎలా ఉంటారో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర పొద్దున నాలుగింటికే క్యూలో నిలబడ్డాం. బాబు మణికట్టు మీద నా నంబరు పెన్నుతో రాశాను, చెమటకి చెరిగిపోతే మళ్లీ రాశాను. గొలుసులు ఇంట్లో, ఫోను జాకెట్ లోపల, పర్సులో మూడు వందలు. దర్శనమయ్యాక అత్తయ్య, బాబు తెనాలి బస్సెక్కారు, నేను షాపుకి వెళ్లాను. ఏమీ పోలేదు.

ఇప్పుడీ ఎంట్రీ మా మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. క్యాషు కోసం రోజుకో బ్యాగు మారుస్తున్నాను కదా, ఇవాళ పచ్చది తెచ్చాను, తాళంచెవులు నిన్నటి నీలం బ్యాగులో ఉన్నాయి, అది ఇంట్లో ఉంది. రెండో జత పిన్నిగారి దగ్గర, వాళ్లు మధ్యాహ్నమే గుంటూరు వెళ్లారట. పైనున్న కుర్రాడు స్క్రూడ్రైవరుతో వచ్చి, టార్చి వేసి గొళ్ళెం చుట్టూ చూసి, బోల్టు తల మీద వేలితో తట్టి, "లాభం లేదక్కా" అని వెళ్లిపోయాడు. ఆయన ఏలూరు నుంచి బస్సెక్కారు, వచ్చేసరికి పన్నెండవుతుంది. మామ్మగారు కాఫీ తెచ్చిచ్చి, తలుపు వైపు చూసి, "బాగా బిగించాడే" అన్నారు.